మడత పెట్టి కోసిన పొలం

ఏప్రిల్ 11

పొలం పంచుకున్నాం. అరుపుల్లేవు, ఏడుపుల్లేవు. వదిన టీ పెట్టింది, తాగాం, పంచుకున్నాం. పెద్దమనుషుల్ని పిలిచి వాళ్ల సలహాలు వినే ఓపిక మా ఇద్దరికీ లేదు.

గొడవ వంకాయ దగ్గర మొదలైంది. అన్నయ్య ఉన్నన్నాళ్లూ ఏ మూల ఏం వెయ్యాలో అతనే చూసుకునేవాడు. వదిన హాస్టల్లో వందమందికి వండుకుంటూ, నేను నా దుకాణంలో ఊళ్లోవాళ్ల చొక్కాలు కుట్టుకుంటూ, కాసినవి తిని బాగున్నాయనేవాళ్లం. అతను పోయాక ఇది మొదటి వేసవి. వానలు పడేలోపు ప్లాను వేసుకుందామని కూర్చున్నాం. వంకాయ ఇంటి ముందు వేద్దామన్నాను. కాదు, బావి పక్కన అంది. బావి పక్కన బురద కదా అన్నాను.

"బట్టలు కుట్టుకునేదానివి, బురద సంగతి నీకెందుకు?" అంది.

"గరిటె తిప్పుకునేదానివి, నీకు మాత్రం ఏం తెలుసు?" అన్నాను.

అంతే. మాటా మాటా పెరిగి భూమి రెండైంది.

చిన్నప్పుడు అన్నయ్యకీ నాకూ రొట్టె పంచడానికి అమ్మ ఒక పద్ధతి పెట్టింది. కోసినవాళ్లు ముందు తీసుకోకూడదు. అదే పాటించాం. కొయ్యడం నా వృత్తి కాబట్టి నేను కోశాను. ఖాకీ కాగితం మీద పొలం బొమ్మ గీసి, చొక్కా వీపుని మడిచినట్టు మధ్యకి మడిచి, మడత వెంబడి కత్తెర నడిపించాను. పొలం ఒక పక్క కొంచెం వంకరుంది, సర్దేశాను. మడత సరిగ్గా ఇంటి మధ్యనుంచి పోయింది. పోతే పోయింది. పై సగంలో వసారా, ముందు గది. కింది సగంలో వంటగది, వెనక గది, నల్లమట్టి, బావి. బావి నీళ్లు మాత్రం ఉమ్మడి.

వదిన రెప్ప కూడా వెయ్యకుండా కింది ముక్క తీసుకుంది.

"నీరు పల్లమెరుగు, మరదలా!" అని నవ్వింది.

"ఎరగనీ," అన్నాను. నాకూ పైభాగమే కావాలి. గాలి బాగా వస్తుంది. కింది సగం నాకు మిగిలితే బాగుండునని ఒక్క క్షణం కూడా అనుకోలేదు.

ఇంట్లో గచ్చు మీద దర్జీ సుద్దతో గీత గీశాను.

ఏప్రిల్ 12

వసారాలో పొయ్యి పెట్టుకున్నాను. రొట్టె మాడింది.

ఏప్రిల్ 13

రొట్టె మళ్లీ మాడింది. వంటగదిలోంచి ఉల్లిపాయలు వేగుతున్న వాసన గీత దాటి వస్తోంది. ఇంత పద్ధతిగా పంచుకున్నా వాసన సంగతి ఇద్దరికీ తట్టలేదు.

ఏప్రిల్ 17

నా ప్లాను తయారైంది. చూస్తే కళ్లు చెదరాలి. పైనున్న రాళ్లగుట్ట దగ్గర్నుంచి మా సరిహద్దు దాకా పైనుంచి కిందికి తిన్నటి మడులు, చారల గుడ్డ పరిచినట్టు. నిలువు చారల అందమే వేరు. పొట్టిమనిషికి నిలువు చారలు కుడితే నాలుగంగుళాలు పెరిగినట్టు కనిపిస్తాడు. ఇంత చిన్న పొలానికి అంతకన్నా ఏం కావాలి?

అడ్డమల్లా అన్నయ్య వేసిన గట్లు. ఒక్కటంటే ఒక్కటి తిన్నగా లేదు. చిన్నపిల్లలు గీసిన గీతల్లా పొలానికి అడ్డంగా ఎటెటో తిరిగి ఎక్కడో తేలతాయి. ట్రాక్టరాయన్ని పిలిచి చదును చేయించాను. చప్పుడుకి వదిన బయటికొచ్చింది.

"గట్లెందుకు పీకిస్తున్నావు?"

"వంకరగా ఉన్నాయి."

"మీ అన్నయ్య వంకరగానే వేశాడు."

"అన్నయ్య ఏ పని తిన్నగా చేశాడు గనక?"

సరిహద్దు దాటగానే ఆవిడ సగంలో కూడా ఒక గట్టుంది. ఎలాగూ ట్రాక్టరొచ్చింది కదా, అదీ తీసేయిస్తానన్నాను, మంచికే. వదిన వెళ్లి ఆ గట్టెక్కి నిలబడింది.

"దీని మీద చెయ్యి పడితే ఊరుకోను."

అన్నయ్య సాయంత్రాలు ఆ గట్టుకే వీపు ఆనించి టీ తాగేవాడు. నేను వెనక్కి తగ్గాను. ట్రాక్టరాయన కూడా ఇంజను ఆపేశాడు.

ఏప్రిల్ 25

వదిన ప్లాను చూశాను. చాటుగా కాదు, బావికి వెళ్తే కనబడింది. మొత్తం వంటిల్లే! టమాటా, వంకాయ, మిరప, ఆకుకూరలు, అన్నీ బావి చుట్టూ ఇరికించేసింది. అడిగితే, "వంటింట్లో చెయ్యి చాపితే ఉప్పు అందాలి. తోటలో చెయ్యి చాపితే నీళ్లందాలి," అంది. వందమందికి వండిన చెయ్యి కదా, నారు కూడా వందమందికి సరిపడా పోసింది. మిగతా నేలంతా ఖాళీ. నవ్వు ఆపుకుని వచ్చాను. గీత దాటాక నవ్వాను.

మే 2

నర్సరీ ఆయన వచ్చాడు. రోడ్డవతల మొక్కలమ్మే పెద్దమనిషి. నాతో మాట్లాడడానికేమో అనుకుని కుర్చీ వేశాను. నా వసారాలోంచి, నా ముందు గదిలోంచి నడిచి, గీత దాటి, వంటగదిలో కూర్చున్నాడు. టీ అక్కడే తాగాడు. బావి ఉన్న సగం కొంటాడట. వానలు మొదలయ్యాక కాగితాలతో వస్తాడట. వదిన పట్నంలో వాళ్ల అక్క దగ్గరికి వెళ్లిపోతుందట.

ఆవిడ నాకు చెప్పలేదు. తలుపు తెరిచి ఉంది, నాకు వినపడింది.

పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటే ఇదే.

మే 3

వెళ్తే వెళ్లనీ. నాకేం?

మే 4

నాకేం?

మే 9

పొద్దున గీత మీద గిన్నె ఉంది. సరిగ్గా గీత మీద, సగం అటు సగం ఇటు. లోపల చిక్కుడుకాయ కూర. ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి నేనూ ఏమీ అనకుండా గిన్నెని నా వైపు జరుపుకున్నాను. ఉప్పు ఎక్కువైంది. మొత్తం తిన్నాను.

మే 12

వదిన జాకెట్టుకి బొత్తాం ఊడి ఉండడం గమనించాను. కూర బాకీ ఉంచుకోవడం నాకిష్టం లేదు. జాకెట్టు తెచ్చుకున్నాను గానీ సూది బెజ్జం నాకెక్కడ కనబడుతుంది? ఈ కళ్ల వల్లే కదా దుకాణం మూసేసి ఇక్కడ పడ్డాను, తాత్కాలికంగా. సూదీ, దారపు ఉండా గీత మీద పెట్టి, బావి దాకా ఒకసారి నడిచొచ్చాను. వచ్చేసరికి దారం ఎక్కించి ఉంది.

బొత్తాం గట్టిగా కుట్టాను. ఆవిడ పట్నం వెళ్లాక ఎవరు కుడతారని కాదు. పని చేస్తే గట్టిగా చెయ్యడం నా అలవాటు.

మే 21

విత్తనాలన్నీ వేసేశాను. బెండ, చిక్కుడు, గుమ్మడి, మొక్కజొన్న. చారలు చారలుగా. పైన నిలబడి చూస్తే నా పొలం ఇస్త్రీ చేసినట్టుంది.

వదిన గట్టు మీద నిలబడి చాలాసేపు చూసింది.

"అందంగా ఉంది," అంది. తర్వాత, "వాన ఎటు నుంచి వస్తుంది?" అని అడిగింది.

"పైనుంచి వస్తుంది, వదినా. వాన ఎప్పుడూ పైనుంచే వస్తుంది," అన్నాను.

నా జవాబుకి నేనే మురిసిపోయాను.

మే 28

వదిన తుడిచినప్పుడల్లా గీత చెరిగిపోతుంది. పొద్దున్నే మళ్లీ గీయడం నా పని. నిన్న మర్చిపోయాను. ఇవాళ లేచి చూస్తే గీత ఉంది. ఆవిడే గీసింది. వంకర టింకరగా.

ఆ వంకర చూసి రోజంతా చికాగ్గా ఉంది. కేవలం వంకర వల్లే.

జూన్ 6

వాన! మధ్యాహ్నం ఆకాశం చిల్లు పడినట్టు పడింది. వసారాలో కూర్చుని సంబరంగా చూశాను. చూస్తుండగానే నా చారలు కాలవలయ్యాయి. ప్రతి మడి పక్కనా తిన్నటి దారి వేసి పెట్టాను కదా, నీళ్లకి ఇంకేం కావాలి? ఎర్రటి నీళ్లు పైనుంచి పరుగెత్తుకొచ్చి ఇంటికి అటూ ఇటూ దూకి కిందికి వెళ్లిపోయాయి. గొడుగేసుకుని వెళ్లి చేతులు అడ్డం పెట్టాను. చేతులు అడ్డం పెడితే ఆగుతాయా?

వదిన బావి దగ్గర మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఏదో అరుస్తోంది. నన్ను తిడుతోందేమో అనుకున్నాను. దగ్గరికెళ్తే వాననే తిడుతోంది. కాసేపు నేనూ తిట్టాను. ఇద్దరం కలిసి ఒకరినే తిట్టి చాలా రోజులైంది.

జూన్ 7

నా సగం: మట్టి పోయింది, విత్తనం పోయింది, గులకరాళ్లు మిగిలాయి. వదిన సగం: బావి చుట్టూ చెరువు. నారంతా నీళ్లలో.

జూన్ 8

రాయబుద్ధి కావడం లేదు.

జూన్ 12

కింద నీళ్లు తీశాయి. టమాటా మొక్కలు నిలబడ్డాయి గానీ లాగితే చేతికొస్తున్నాయి, వేళ్లు కుళ్లిపోయాయి. "ఒకే పొయ్యి మీద అన్ని గిన్నెలూ పెట్టాను," అంది వదిన, ఎవరితోనో అన్నట్టు. నవ్వాలనుకున్నాను, రాలేదు. ఆవిడ చేతుల నిండా చచ్చిన మొక్కలున్నాయి.

నర్సరీ ఆయన పదహారున వస్తాడట.

జూన్ 15

మొలకలు! నా పొలంలో కాదు. వదిన గట్టుంది చూశావూ, ట్రాక్టరుకి అడ్డం నిలబడి కాపాడుకున్న గట్టు, దాని పైవైపు అంతా. కొట్టుకుపోయిన నా మట్టి అక్కడ ఆగింది. మట్టితో పాటు విత్తనం ఆగింది. గట్టు ఎలా వంకరలు పోయిందో అలాగే వంకరగా పచ్చటి అంచు కుట్టినట్టు మొలిచాయి. చిక్కుడు పక్కన బెండ, బెండ మీద గుమ్మడి, ఒకదాన్నొకటి తోసుకుంటూ. కాస్త అటు బురద, కాస్త ఇటు గులకరాళ్లు. ఆ గట్టు దగ్గర మాత్రం మట్టి మెత్తగా, తడిగా, ముద్దొచ్చేలా ఉంది.

వదిన అప్పటికే అక్కడుంది.

"బాగా మొలిచాయి నా చిక్కుళ్లు," అంది.

"నీ చిక్కుళ్లా?"

"నా నేలలో మొలిచాయి."

"విత్తనం నాది. మట్టి కూడా నాదే, పైనుంచి వచ్చింది!"

"పిలిచానా రమ్మని? దానంతటదే వచ్చింది. వచ్చినవాళ్లని వెళ్లగొట్టే అలవాటు నాకు లేదు."

ఆ చివరి మాట చిక్కుడు గురించి కాదేమోనని ఇప్పుడు రాస్తుంటే అనిపిస్తోంది. అప్పుడు మాత్రం గట్టిగా పోట్లాడాను. ఆవిడా తగ్గలేదు. చాలా రోజుల తర్వాత ఆకలి బాగా వేసింది.

జూన్ 16

నర్సరీ ఆయన కాగితాలతో వచ్చేసరికి మేం గట్టు దగ్గరున్నాం, చిక్కుడు పంచాయతీలో. ఆయన పొలం ఈ చివర నుంచి ఆ చివరికి చూసి తృప్తిగా తలూపాడు.

"ఈ గట్టూ గిట్టూ ఏమీ ఉండదమ్మా. యంత్రం పెట్టి ఒక్క రోజులో చదును చేసేస్తాను," అని వదిన చేతికి కలం ఇచ్చాడు.

వదిన కలం పట్టుకుని గట్టు వైపు చూసింది. అన్నయ్య వీపు ఆనించే చోట మట్టి ఇంకా కొంచెం నొక్కుకుని ఉంది. నాకు భయం వేసింది. ఈవిడ వెళ్లిపోతుందని, పొద్దున్నే గీత మీద గిన్నె ఉండదని, నాకు దారం ఎక్కించేవాళ్లు ఉండరని నిజంగా భయం వేసింది. మే నెలంతా నాకేం నాకేం అని రాసుకున్నదంతా అబద్ధం. రాశాను, అయిపోయింది.

నోరు తెరిచి ఏదో అనబోయాను. "వెళ్లకు" అనాలి. వచ్చింది మాత్రం వేరే.

"సంతకం పెట్టేముందు నా చిక్కుళ్ల సంగతి తేల్చు!"

వదిన నా వంక చూసింది. తర్వాత ఆయన వంక తిరిగింది.

"విన్నారుగా. ఇక్కడ తగాదా ఉందండీ. అది తేలకుండా మీకు అమ్మితే రేపు మా మరదలు మీ మీద కేసు వేస్తుంది. దాని కత్తెర కన్నా నోరు పదును."

"వేస్తాను," అన్నాను. "తప్పకుండా వేస్తాను."

"నాలుగు మొలకలే కదమ్మా! ఎప్పటికి తేలుతుంది?" అన్నాడాయన.

"కాయలు కాశాక చూడాలి," అంది వదిన.

"కాస్తే చాలదు, ముదరాలి. గింజ చూస్తే గానీ ఎవరిదో చెప్పలేం," అన్నాను.

"తర్వాత గుమ్మడి సంగతుంది."

"గుమ్మడి ఇంకా కష్టం. తీగ ఎటు పాకుతుందో ఎవరికి తెలుసు?"

ఆయన మమ్మల్ని మార్చి మార్చి చూసి, కలం తీసుకుని వెళ్లిపోయాడు. ఆయన గేటు దాటేదాకా ఇద్దరం గంభీరంగా నిలబడ్డాం. దాటాక వదిన గట్టు మీద కూలబడి కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. నేను పక్కన కూర్చున్నాను. అది ఆవిడ సగం అని కూర్చున్నాక గుర్తొచ్చింది.

జూన్ 18

కొత్త ప్లాను. ఈసారి కాగితం మీద కాదు.

తప్పెక్కడ జరిగిందో నాకు తెలిసింది. బల్ల మీద పరిచినప్పుడు గుడ్డ చదునుగానే ఉంటుంది. తొడుక్కునే మనిషి చదునుగా ఉండడు. అందుకే ముందు ఒళ్లు కొలుస్తాం, ఒంపు ఉన్నచోట గుడ్డని చిన్న మడత పెట్టి కుడతాం. కొలత తీసుకోకుండా కత్తెర పట్టినదాన్ని నా దుకాణంలో ఒక్క పూట కూడా ఉండనిచ్చేదాన్ని కాదు. పొలాన్ని మాత్రం నేను కొలవనే లేదు. మడిచి కోసేశాను.

కాబట్టి కొలత మొదలుపెట్టాం, నేల ఒకే ఎత్తులో సాగే గీత వెంబడి గట్టు వేస్తే నీళ్లు ఆగుతాయని. తాపీమేస్త్రీ దగ్గర సన్నటి గాజులాంటి గొట్టం అడిగి తెచ్చాను, గోడల మట్టం చూసుకునేది. నిండా నీళ్లు పోసి ఒక కొస వదిన, ఒక కొస నేను. రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తులో నిలబడితే మేం నిలబడ్డ రెండు చోట్లూ ఒకే మట్టంలో ఉన్నట్టు. అక్కడొక రాయి పెట్టి, దాని మీద సుద్దతో గుర్తు. మళ్లీ నాలుగడుగులు, మళ్లీ రాయి.

"పైకి జరుగు!" "ఎక్కువైంది, కిందికి!" "నన్నేనా, గొట్టాన్నా?" "ఇద్దర్నీ!" అని మధ్యాహ్నం దాకా అరుచుకున్నాం.

రాళ్ల వరస పూర్తయ్యాక పైకెక్కి చూశాను. వంకర. పొలానికి అడ్డంగా ఎటెటో తిరిగి ఎక్కడో తేలిన వంకర గీత. ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను. చూశాను. అన్నయ్య గట్టు అక్కడే ఉండేది, ట్రాక్టరు పెట్టి నేను తీయించిన గట్టు.

"మీ అన్నయ్య ఏ పనీ తిన్నగా చెయ్యడు," అంది వదిన, కింద నుంచి.

నాకు ఏడుపు ఆగలేదు. అన్నయ్య పోయినప్పుడు కూడా అందరికీ తెల్లబట్టలు కుట్టే హడావిడిలో ఇంత ఏడవలేదు.

"ఏడిస్తే ఏడువు గానీ కొస పైకెత్తి పట్టుకో, మరదలా! నీళ్లన్నీ కారిపోతున్నాయి," అంది, తను ముక్కు తుడుచుకుంటూనే.

జూన్ 22

గట్లు మళ్లీ వేస్తున్నాం. పారతో. నడుము పడిపోయింది. రాళ్లున్న పై భాగంలో వేళ్లు లోతుకి పోయే పండ్ల చెట్లు. మధ్యలో గట్ల వెంబడి కూరగాయలు. అడుగున నీళ్లు నిలిచే చోట గుంట తవ్వి, దాని చుట్టూ తడి ఇష్టపడే ఆకుకూరలు. ఏ గిన్నెకి ఏ మంట కావాలో ఆ మంట, అని వదిన అంటోంది. వంకాయ గట్టు పక్కన వేశాం. నేను చెప్పిన చోటూ కాదు, ఆవిడ చెప్పిన చోటూ కాదు. అందువల్ల ఇద్దరికీ కాస్త కోపంగానే ఉంది.

జూన్ 30

వాన. ఈసారి నీళ్లు పరుగెత్తలేదు. ప్రతి గట్టు దగ్గరా ఆగి, కూర్చుని, లేచి, మెల్లగా తర్వాతి గట్టుకి దిగాయి. మేమిద్దరం వసారాలోంచి చూశాం. వసారా పై సగంలో ఉంది. టీ కింది సగంలోంచి వచ్చింది.

ఆగస్టు 19

చిక్కుళ్లు కాశాయి. లేతవి. వదిన కోసి వండేసింది. ముదిరితే గానీ తేలదని నేను గుర్తుచేశాను. "అయ్యో, మర్చిపోయాను. ఇక వచ్చే ఏడు చూడాలి," అంది.

ఆగస్టు 20

పొద్దున వదిన గచ్చు తుడుస్తూ మధ్యలో ఆగింది.

"గీత చెరిగిపోయింది. గీయవా?"

"సుద్ద అయిపోయింది, వదినా. రాళ్ల మీద గుర్తులు పెట్టీ పెట్టీ మొత్తం అయిపోయింది."

"అయ్యో. పట్నం వెళ్తే గానీ దొరకదు కాబోలు."

"అవును, దొరకదు."

"ఇప్పుడెవరు వెళ్తారులే," అని మిగతా గచ్చు కూడా తుడిచేసింది.

మిషను సొరుగులో విప్పని సుద్ద పెట్టె ఒకటుంది. నిన్న దాన్ని గుడ్డపీలికల అడుగుకి తోశాను. ఈ సంగతి ఇక్కడ తప్ప ఇంకెక్కడా చెప్పను.